తెరమీది స్టీవ్ జాబ్స్

ప్రసిద్ధుని జీవితమును చలనచిత్రముగా తీసినప్పుడు దానికి ఇరువురు న్యాయాధిపతులు ఏర్పడుదురు. ఒకడు ఆ ప్రసిద్ధుని స్వయముగా ఎరిగినవాడు. మరియొకడు టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్నవాడు. మొదటివాడు ‘ఇట్లు జరిగినదా?’ అని చూచును. రెండవవాడు ‘తరువాత ఏమి జరుగును?’ అని చూచును. ఈ ఇరువురి తీర్పు ఒక్కటగుట అరుదు. ఆపిల్ కంప్యూటర్ల సంస్థను 1976లో స్థాపించినవారిలో ముఖ్యుడగు స్టీవ్ జాబ్స్ విషయమున జరిగిన వివాదము ఇందుకు మంచి నిదర్శనము.

జాబ్స్ 2011 అక్టోబరు 5వ తేదీన కాలధర్మము నొందెను. రెండేండ్లు నిండకమునుపే, 2013 ఆగస్టులో, జోషువా మైకేల్ స్టెర్న్ దర్శకత్వమున ఆయన జీవితము తెర కెక్కినది. ఆష్టన్ కుచర్ అను నటుడు జాబ్స్ వేషము ధరించెను. ముఖము, గడ్డము, ముందుకు వంగి నడచు నడక, అన్నియు అచ్చు గ్రుద్దినట్లున్నవని అనేకులు మెచ్చిరి. అయినను ఆ చిత్రము నిలువలేదు. 2015లో డానీ బాయిల్ దర్శకత్వమున మరియొకటి వచ్చెను. ఇందలి నటుడగు మైకేల్ ఫాస్‌బెండర్‌కు జాబ్స్ పోలికలు లేవు. అట్లయ్యును ఆ నటన ఆస్కారు బహుమతి పరిశీలనకు ఎన్నికైనది. పద్యనాటకములు చూచిన మనవారికి ఇది వింత గాదు. రాత్రియంతయు రంగస్థలమున కృష్ణుడై రాయబారము నడపిన నటుని ముఖము కృష్ణుని పోలినదా యని ఎవరు అడిగిరి?

ఈ రెండవ చిత్రమునే ప్రేక్షకులు ఎక్కువగా తర్కించిరి. వాల్టర్ ఐజాక్సన్ 2011లో ప్రకటించిన జీవితచరిత్ర దీనికి ఆధారము. రచయిత ఆరన్ సోర్కిన్ పుట్టుకతో మొదలిడి మరణముతో ముగించు పద్ధతిని విడిచి, మూడు అంకముల నాటకమువలె కథను కూర్చెను. 1984లో మెకింటోష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమాక్: ఈ మూడు యంత్రములను జాబ్స్ సభలో ప్రదర్శించిన దినములే మూడు అంకములు. ప్రదర్శనమునకు ముందు తెర వెనుక జరుగు సంవాదములే కథ. తోడివ్యవస్థాపకుడగు స్టీవ్ వోజ్నియాక్ వచ్చి, ఆపిల్-2 యంత్రమును నిర్మించినవారిని సభలో ఒక్కమారు స్మరింపుమని కోరును. జాబ్స్ నిరాకరించును. సంస్థ నుండి తాను వైదొలగుటకు కారకుడని జాబ్స్ ద్వేషించిన జాన్ స్కల్లీ వచ్చును. లిసా అను కుమార్తె వచ్చును. ఆమె 1978లో జన్మించినది. తన బిడ్డ కాదని జాబ్స్ చాలకాలము బుకాయించెను.

విమర్శకులు ఈ చిత్రమును కొనియాడిరి. కాని దేశమంతట విడుదలయైనప్పుడు అమెరికాలోని హాళ్లు నిండలేదు. సుమారు 3 కోట్ల డాలర్లు వెచ్చింపగా, ప్రపంచమంతట వసూలైనది సుమారు 3 కోట్ల 40 లక్షలు. థియేటర్లవారి భాగము పోగా మిగిలినది నష్టమే. సోర్కినే వ్రాసిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ 2010లో వెలువడినది. ఫేస్‌బుక్కును స్థాపించిన మార్క్ జుకర్‌బర్గ్‌ను గూర్చిన ఆ చిత్రమునకు దాదాపు 22 కోట్ల డాలర్లు వచ్చినవి. కావున మాటకారితనము జనులకు గిట్టలేదనుట పొసగదు.

ప్రేక్షకుల ఆక్షేపణలు ఒక తీరున లేవు. ఐఫోను ఎక్కడ అని కొందరడిగిరి. కథ 1998తో ముగియగా ఐఫోను 2007లో గాని పుట్టలేదు. చేతిలోని వస్తువును తలచుకొని వచ్చినవారు నిరాశ చెందుట సహజమే గాని, అది చిత్రము తప్పు కాదు. మరికొందరు, ఆ మహానుభావుని ఇంత కఠినునిగా చూపవచ్చునా యని నొచ్చుకొనిరి. జాబ్స్ తరువాత ఆపిల్ అధిపతియైన టిమ్ కుక్, ఇట్టి చిత్రములు తీయువారు సమయము చూచి లాభపడ యత్నించువారని 2015లో అనెను. అవి తాను చూడలేదని కూడ ఆయనయే చెప్పెను! చూడకయే చెప్పిన తీర్పునకు తూకమెంత?

బరువైన ఆక్షేపణ వేరొకటి కలదు. జరుగనిదానిని జరిగినట్లు చూపిరి. జోవానా హాఫ్‌మన్ మూడవ అంకములోను జాబ్స్ వెంట తిరుగుచుండును. నిజమునకు ఆమె 1995లోనే ఉద్యోగము చాలించినది. తెరమీద రాజీపడిన స్కల్లీ, జాబ్స్ లోకములో రాజీపడలేదు. వోజ్నియాక్ కూడ, అట్టి కలహము తాను ఎన్నడును చేయలేదని చెప్పెను. విచిత్రమేమన, ఆయనయే ఈ చిత్రమునకు సలహాదారు. నటులను గాక నిజమైన జాబ్స్‌నే చూచుచున్నట్లు తోచినదని ఆయన మెచ్చుకొనెను. 2013 నాటి చిత్రమును మాత్రము, తానెరిగినవారిని తప్పుగా చూపినదని నిరసించెను. ముఖము సరిపోయినదానిని తోసిపుచ్చి, సంఘటనలు సరిపోనిదానిని ఆదరించిన ఈ తీర్పు తొందరపడి కొట్టివేయదగినది కాదు. స్వభావము తప్పినప్పుడు తేదీలు సరిగా నున్నను స్నేహితుడు గుర్తింపడు.

మన ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని విభజించిరి. ఇతిహాసమునుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి కల్పించినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానములో దుర్వాసుని శాపము లేదు, పోయిన ఉంగరము లేదు. దుష్యంతుడు భార్యను, కొడుకును ఎరిగియు ఎరుగననెను. కాళిదాసు శాపమును కల్పించి రాజు తప్పును కడిగెను. అందుకాయనను లోకము దూషింపలేదు. సోర్కినును అట్టి పనియే చేసెను. బిడ్డను కాదనిన తండ్రి మూడవ అంకమున మేడమీద ఆ బిడ్డతో సమాధానపడును. లిసా అను పేరుగల కంప్యూటరుకు ఆమె పేరే పెట్టితినని ఒప్పుకొనును. తన చిత్రము ఛాయాచిత్రము కాదు, వర్ణచిత్రమని సోర్కిన్ సమర్థించుకొనెను.

ఐతే దుష్యంతునికిని జాబ్స్‌కును ఒక భేదము కలదు. భరతుడు తన బాల్యమును గూర్చి పుస్తకము వ్రాయలేదు. లిసా బ్రెనన్-జాబ్స్ 2018లో వ్రాసినది. తండ్రీకూతుళ్ల చిక్కుముడి ఒక సాయంకాలమున మేడమీద వీడిపోలేదని అది చదివినవారికి తెలియును. బ్రతికియున్నవారి గాయమునకు రచయిత తానే కట్టుకట్టి, మానినదని సభకు చూపుట న్యాయమేనా? కలహములను కల్పించినందుకు సోర్కిన్‌ను క్షమింపవచ్చును. ఈ సులభమైన సమాధానమును కల్పించినందుకు క్షమించుట కష్టము. ప్రేక్షకులలో పెక్కుమంది దీనిని తప్పుపట్టకపోగా కన్నీరు పెట్టుకొని వెలుపలికి వచ్చిరి. కల్పన యెంత సమర్థమైనదో ఆ కన్నీరే చెప్పును.

హాలునుండి వచ్చుచు కొందరు యువకులు వేరొక మాట అనుకొనిరి: అంత గొప్పపని చేయువాడు అంత కఠినుడుగానే యుండవలెనని. చిత్రము ఆ మాట చెప్పలేదు. ఐనను చూచినవారు దానిని మూటగట్టుకొని పోయిరి. మూడు దినములలో నిముడని సంగతులు వారికి తెలియకపోవుటే ఇందుకు కారణము. 1980 డిసెంబరులో ఆపిల్ వాటాలు ప్రజలకు అమ్మకమునకు వచ్చినవి. జాబ్స్ ధనవంతుడాయెను. 1974లో ఆయనతో కూడ భారతదేశమున తిరిగి, గారేజిలో తొలి యంత్రములు కూర్చుటకు తోడ్పడిన మిత్రునికి మాత్రము వాటా లీయుటకు జాబ్స్ సమ్మతింపలేదు. అట్లు విడిచిపెట్టబడిన ఉద్యోగులు మరికొందరు కలరు. ఆపిల్-2 యంత్రమును రూపొందించిన వోజ్నియాక్ అప్పుడు తన సొంత వాటాలనుండి కొన్ని తీసి, పలువురికి చౌకధరకు అమ్మెను. ఆ మిత్రునివంటి కొందరికి ఊరకయే ఇచ్చెను.