వెనుకకు మళ్లుట పిరికితనమా?

వానకాలం వచ్చిందంటే మన వరండాలో ఉరికినోడల్లా జారి పడుతడు. మరి వందలమందిని మోసుకొచ్చే జెట్ విమానం తడిసిన రన్‌వే మీద ఎట్లా ఆగుతుంది?

టైరుకూ నేలకూ నడుమ నీటిపొర చేరితే చక్రం నీళ్లమీద తేలుతుంది. అప్పుడు బ్రేకు సరిగా పట్టదు. అందుకే నీళ్లు పక్కకు పోవడానికి చాలా రన్‌వేల మీద అడ్డంగా సన్నని గాళ్లు కోస్తారు. పైలట్ చక్రాలను కాస్త గట్టిగానే నేలకు తాకిస్తాడు. రెక్కలమీది పలకలు లేపి బరువును చక్రాలపై వేస్తాడు. ఇంజన్ల గాలిని ముందుకు మళ్లిస్తాడు. పొడి రన్‌వేకు లెక్కగట్టిన పొడవుకన్నా తడిదానికి 15 శాతం ఎక్కువ ఉండాలని నియమం.

ఇన్ని ఉన్నా 2020 ఆగస్టు 7న కేరళలోని కోజికోడ్‌లో ఏమైంది? దుబాయి నుంచి 190 మందితో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మొదటిసారి దిగబోయి, మళ్లీ పైకి లేచింది. అది మంచిపనే. రెండోసారి వెనుకనుంచి గాలి నెడుతుండగా వానలో దిగింది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు పోయినాక చక్రాలు నేలను తాకినయి. ఆగలేక చివర దాటి లోయలో పడింది. పైలట్లిద్దరితో కలిపి 21 మంది చనిపోయారు. మళ్లీ పైకి లేపాలని కో-పైలట్ చెప్పినా దిగడం ఆపలేదని దర్యాప్తు నివేదిక తేల్చింది.

ఇద్దరి పెత్తనమైతే విమానం నడుస్తదా అని కొందరంటరు. నిజమే, నడిపేది ఒక్కరే. కాని ఆపమనే హక్కు ఇద్దరికీ ఉండాలె, ఆ మాట చెల్లాలె. పైకి లేస్తే పోయేది కొంత ఇంధనం, కొంత సమయం. అంతే గదా!

ఇది మన సంగతి కూడా. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరినే ముంచింది. సెలవులు అయిపోయి హాస్టల్‌కు వచ్చేటప్పుడు మనకూ వాగులు అడ్డమొస్తయి. పోయినేడు మా తమ్ముడు "వద్దన్నా, మళ్లిపోదాం" అంటే నేను నవ్విన. నడివాగుల వాని చెయ్యి జారింది. ఒడ్డుమీది పెద్దాయన ఉరికొచ్చి పట్టుకోకపోతే ఈ వ్యాసం రాసేటోన్ని కాదు.

అన్నలారా! గుంపుల ఒక్కరు వద్దన్నా అందరం ఆగుదాం. వార్డెన్ సార్లకు ఒక్క మనవి: వాన దంచికొట్టిన నాడు ఒకరోజు ఆలస్యంగా వస్తే తిట్టకండి. ఆ తిట్లకు భయపడే మేము వాగుల దిగుతున్నం.

– 9వ తరగతి విద్యార్థి