వెతికే పని స్క్రిప్టుది, తుడిచే పని మనది

సర్వర్లో డిస్కు 98 శాతం నిండిందని అలర్టు రాగానే మనవాళ్ళలో చాలామంది చేసే పని ఒకటే. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన స్క్రిప్టు ఒకటి తెచ్చి నడిపేయడం. అది పెద్ద ఫైళ్ళని వెతుకుతుంది, పాతవైతే తుడిచేస్తుంది. సుఖంగానే ఉంటుంది లెండి. కానీ వెతకడం, తుడవడం రెండూ ఒకే స్క్రిప్టు చేతిలో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్లో ఏం జరిగిందో చూడండి. పది రోజులు దాటిన లాగ్ ఫైళ్ళని 'ఫైండ్' కమాండుతో తుడిచే స్క్రిప్టు అక్కడ ఉండేది. అది నడుస్తుండగానే దానిమీద కొత్త వెర్షన్ పెట్టారు. బాష్ స్క్రిప్టుని మొత్తం ఒకేసారి చదవదు, నడుస్తూ కొంచెం కొంచెం చదువుకుంటుంది. మధ్యలో ఫైలు మారేసరికి, ఎక్కడ తుడవాలో చెప్పాల్సిన వేరియబుల్‌కి విలువే లేకుండా పోయింది. లాగులకు బదులు పరిశోధకుల ఫైళ్ళు పోయాయి. 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు! నష్టపోయిన 14 గ్రూపుల్లో నాలుగింటివి తిరిగి రాలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

"రాత్రి రెండింటికి లేచి ఆ లిస్టు ఎవరు చూస్తారు?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. లాగులకైతే 'లాగ్‌రొటేట్' ఉంది. ఏ డైరెక్టరీ, ఎన్ని రోజులు అన్నది ముందే, తీరిగ్గా కూర్చుని నిర్ణయించుకోవచ్చు. మిగతా వాటికి స్క్రిప్టు 500 మెగాబైట్లు దాటిన ఫైళ్ళని సైజు, తేదీ, ఓనరు పేరుతో సహా చూపిస్తే చాలు. ఇక్కడ మనం నిద్రపోతున్నప్పుడు హైదరాబాదులో డ్యూటీలో ఉన్న కుర్రాడికి ఆ ఓనరు పేరే దిక్కు. అది లేకుండా తుడిచేస్తే రేపు మాటలు పడేది అతనే.

ఇంకో సంగతి. ఒక్కోసారి 'డీఎఫ్' డిస్కు నిండిందంటుంది, 'డీయూ' లెక్కేమో అందులో సగం కూడా ఉండదు. చాలాసార్లు దీనికి కారణం, తుడిచేసిన ఫైలుని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉండటం. దాన్ని మూసేదాకా ఆ జాగా తిరిగి రాదు. ఫైలుకి పేరే లేదు కాబట్టి మన తుడుపు స్క్రిప్టుకి అది కనపడదు, దాని బదులు పాపం ఇంకేదో బలవుతుంది. 'ఎల్‌ఎస్‌ఓఎఫ్' అడిగితే ఆ ప్రాసెస్ ఏదో చెప్పేస్తుంది.

అసలు చిక్కంతా "పెద్దదీ, పాతదీ అయితే పనికిరానిది" అనుకోవడంలో ఉందండీ. మీ ఇంట్లో లాప్‌టాప్ మీద ఇదే స్క్రిప్టు నడిపి చూడండి. లిస్టులో మొదట వచ్చేది బహుశా మీ పెళ్ళి వీడియోయే. పదేళ్ళుగా ఎవరూ తెరిచి ఉండరు. అంతమాత్రాన తుడిచేస్తామా?