పంచవన్నెల చిలుక, ఉత్త చిలుక

బ్రూక్షాబాద్‌లో ఓ తెలుగువారి ఇల్లు. గోడ మీది క్యాలెండర్‌లో ఎర్రటి ఒళ్లు, పసుపూ నీలం రెక్కలతో మూరెడు తోక చిలుక. వసారాలో తుప్పుపట్టిన పంజరంలో ఇంకొకటి: ఆకుపచ్చ వీపు, గులాబీ రొమ్ము, ముక్కు కింద మీసంలా నల్లటి చార. మొదటిది దక్షిణ అమెరికా అడవులది. రెండోది ఈ దీవుల్లో గుంపులు గుంపులుగా ఎగిరేదే. పదేళ్ల కుర్రాడికి రెండూ 'తోతా'లే. ఎప్పుడో సోంపేట వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల మామ్మ మాత్రం ఒప్పుకోలేదు. "అది పంచవన్నెల చిలక బాబూ. ఇది ఉత్త చిలక" అని తేల్చేసింది.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. పిట్టల పేర్లు కూడా అలాగే సగం సగం.

మామ్మ వాడిన మాట తమాషా అయినది. కథల్లోనూ చీర అంచుల్లోనూ తిరిగిన ఊహల చిలుకకు ఉన్న పేరును, జూలో మకావ్‌ను చూసి వచ్చిన జనం దానికి అంటగట్టారని నాకు అనిపిస్తుంది. మకావ్ అన్నది పోర్చుగీసు నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట. బ్రెజిల్ తుపి భాషలో అది 'అరారా'. శాస్త్రవేత్తల 'ఆరా' అక్కడిదే. మరో విదేశీ చిలుక కాకాతువా పేరు మలయ్ భాషది.

పేర్ల ముచ్చట ఇంతటితో ఆగితే నష్టం లేదు. కానీ చట్టానికి ఈ తేడాయే కీలకం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. మకావ్ కథ వేరు. విదేశీ జీవులున్నవాళ్లు స్వచ్ఛందంగా వెల్లడించండని కేంద్రం 2020లో అడిగింది. 2022 సవరణతో అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోని జాతులు చట్టంలోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం వాటిని పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అంటే లక్ష పైచిలుకు పోసి (చిలుక ఇక్కడా వదల్లేదు) కాగితాలతో మకావ్‌ను కొని, భుజాన ఎక్కించుకుని వీడియోలు తీసుకునే హైదరాబాద్ ఆసామి నిర్దోషి. ఈ కుర్రాడి తండ్రి దోషి. చెట్టు కింద చిలుక జోస్యం చెప్పుకునే బక్కజీవీ దోషే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆ రాష్ట్ర పక్షి చేత అట్టముక్కలు తీయించడం మాత్రం ఆగలేదు.

చట్టం తప్పని నేననను. తొర్రలోంచి లాగిన పిల్లల్లో ఎన్ని బతుకుతాయి? అయితే 'చిలుక' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే ఇంటికి ఈ తేడా చెప్పిన నాథుడెవరు? "వీడియోలో వాళ్లు పెంచుతున్నారు కదా మామా!" అన్నాడు కుర్రాడు. జవాబు చెప్పడానికి నాకే కాసేపు పట్టింది.

ఆ మాటకొస్తే ఘనమైన చిలుకల కోసం బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్, పక్కనున్న మెంచల్, కొండుల్ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని నికోబార్ చిలుక ఉంది. బూడిదరంగు తల, తోకతో కలిపి దాదాపు రెండడుగుల పొడవు. నికోబారీలు తినే పాండానస్ పండ్లే దానికీ ఇష్టం. ఆ గ్రేట్ నికోబార్‌లోనే రేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. క్యాలెండర్ వేసేవాళ్లకు ఈ చిలుక ఆనదు. 'రియో' సినిమాతో జగమెరిగిన నీలి స్పిక్స్ మకావ్ 2000లో అడవిలో కనుమరుగైంది. పంజరాల్లో పెంచిన వాటిని మళ్లీ బ్రెజిల్ అడవిలో వదిలింది 2022లో.

"మరి దీన్ని తెలుగులో ఏమంటారు?" కుర్రాడు పంజరం చూపించాడు. నేను తడుముకున్నాను. "ఎర్రరొమ్ము చిలక" అంది మామ్మ అప్పటికప్పుడు. దాని రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. అటవీ శాఖకు అప్పగిస్తే కేసు పెడతారేమోనని తండ్రి భయం. "ఈకలు మొలిసినాక ఒగ్గేద్దుం" అంటోంది ఆవిడ.