ఏమీ జరగని రోజుకి అవార్డు ఎవరికి?

అమెరికా, కెనడాల్లో ఊళ్లకి నీళ్లు సరఫరా చేసే సంస్థలు చలికాలం ముందు ఇంటింటికీ ఒక చిన్న కరపత్రం పంపుతుంటాయి. అందులో సగం జాగ్రత్తలు: బయటి గోడ వెంట వెళ్లే పైపులకి తొడుగు వేయండి, మరీ చలిగా ఉన్న రాత్రి కుళాయిని సన్నటి ధారగా వదిలి ఉంచండి, మీటరు గడ్డకట్టకుండా చూసుకోండి. మిగతా సగం వాళ్ల స్టాఫ్ గురించి. ఎవరు ఆపరేటర్ లైసెన్స్ పరీక్ష పాసయ్యారు, ఎవరికి ఇరవై ఏళ్ల సర్వీసు నిండింది, అర్ధరాత్రి పగిలిన మెయిన్ పైపుని ఎవరు బాగుచేశారు. ఫోటోలతో సహా.

మొదటి సగం చదివితే మనకి నవ్వొస్తుంది. లంబసింగి వైపు తప్ప మనకి నీళ్లు గడ్డకట్టే చలి ఎక్కడిది? ధనుర్మాసంలో తెల్లవారుజామున గూడెం స్టేషన్లో మంచు పడుతుంటే మఫ్లర్ చుట్టుకుంటాం, అంతే. నన్ను ఆపింది రెండో సగం. మెస్సులో వంట చేసే అన్న పేరు మనకి తెలుసు, కాలేజీ బస్సు నడిపే బాబాయి పేరు తెలుసు. మనం తాగే నీళ్లలో క్లోరిన్ కలిపే మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

మనకి తెలిసిన నీళ్ల మనిషి ఒక్కడే, కాటన్ దొర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినందుకు ఇప్పటికీ విగ్రహాలకి దండలు వేస్తాం. వేయాల్సిందే, కాదనను. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన కాలువ గూడెం మీదుగా ఏలూరు వస్తుంది, బెజవాడ నుంచి కృష్ణ కాలువ అటువైపు నుంచి వస్తుంది. రెండు నదుల నీళ్లూ అందే ఊరు ఏలూరు. కానీ కాలువలో నీళ్లు ఉండటం వేరు, గ్లాసులో నీళ్లు ఉండటం వేరు. ఈ రెంటికీ మధ్య పటిక కలపాలి, మడ్డి దిగేదాకా ఆగాలి, ఇసుక ఫిల్టర్ల గుండా పంపాలి, ఫిల్టరు మూసుకుపోయినప్పుడల్లా వెనక నుంచి నీళ్లు తోసి కడగాలి, చివర్లో క్లోరిన్ పట్టించాలి. వాన పడి కాలువ ఎర్రబడితే పటిక మోతాదు మారుతుంది. ఎంత మారాలో ఆ పూట గాజు జాడీల్లో వేసి చూసి తేల్చుకోవాలి. మనం ల్యాబ్‌లో ఒక్కసారి చేసి రికార్డు రాసేసే జార్ టెస్టు అదే. అక్కడ దాని మీద ఒక ఊరు ఆధారపడి ఉంటుంది.

ఇదంతా సరిగ్గా చేస్తే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. ఎవరికీ విరేచనాలు పట్టవు, పేపర్లో వార్త రాదు. వీళ్ల పనికి ఉన్న చిక్కంతా ఇదే. వంతెన కట్టినవాడు రిబ్బన్ కట్ చేయించుకుంటాడు, వీళ్ల అచీవ్‌మెంట్ ఏమో ఏమీ జరగని రోజు. దానికి ఫోటో ఎలా తీస్తారు?

ఏదో జరిగిన రోజులు మాత్రం అందరికీ గుర్తుంటాయి. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిల్చున్నచోటే పడిపోయారు. మూర్ఛ, నోట్లో నురగ, వాంతులు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు, ఒకరు చనిపోయారు. అప్పుడు మనం స్కూల్లోనో, ఫోన్ ముందు ఆన్‌లైన్ క్లాసులోనో ఉన్నాం. మొట్టమొదట అనుమానం పోయింది కుళాయి నీళ్ల మీదకే. నీళ్లు పరీక్ష చేశాం, మామూలుగానే ఉన్నాయి అని అధికారులు చెప్పారు. మున్సిపల్ నీళ్లు తాగని వాళ్లలో కూడా రోగులు ఉన్నారని బయటపడింది. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ కనిపించాయంది. చివరికి పురుగుమందుల అవశేషాలే కారణం అని ప్రకటించారు, అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో మాత్రం తేలలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. క్లోరిన్ పరీక్ష సీసాన్ని పట్టుకోదు, పురుగుమందుని అసలే పట్టుకోదు. రోజూ క్లోరిన్ చూసినా ఆ జబ్బు గుట్టు విప్పగలిగేది కాదు. నా పాయింట్ వేరే. గండం వచ్చిన రోజున "నీళ్లు బాగానే ఉన్నాయి" అంటే నమ్మాలంటే, బాగున్న రోజుల్లో కూడా ఆ మాట అంకెతో సహా వినిపిస్తూ ఉండాలి. మామూలు రోజున ఎంత ఉంటుందో ఎన్నడూ చూడని జనానికి ఆరోజు "మామూలే" అని చెబితే దేంతో పోల్చుకుంటారు? నీళ్ల క్యాను కొనుక్కుంటారు. కొన్నారు కూడా.

అందుకే నేనడిగేది చాలా చిన్నది. వార్డు ఆఫీసు గోడ మీద ఒక నల్లబోర్డు పెట్టండి. ఈ పూట శివారు కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత, చూసిన మనిషి పేరు ఏంటి. రెండే లైన్లు. భారతీయ ప్రమాణం ప్రకారం వినియోగదారుడి దగ్గరికి చేరేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది, పైపు పొడుగునా అది తరుగుతూ వస్తుంది కాబట్టి చూడాల్సింది శివారులోనే. శివారు అంటే ఏంటో డెల్టాలో పుట్టినవాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇలాంటివి మన దేశంలో జరిగేవి కాదులే అని పెదవి విరిచేవాళ్లకి పూరీ చూపిస్తాను. 2021 జులై నుంచి ఆ ఊళ్లో కుళాయి నీళ్లు ఇరవై నాలుగు గంటలూ నేరుగా తాగొచ్చని ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్షించేది, మీటరు చూసేది, బిల్లు వసూలు చేసేది స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు. వాళ్లని జలసాథీలు అంటారు. పరీక్ష చేసేది మన వీధి అత్తే అయితే, "ఏమ్మా, ఇవాళ రంగు తక్కువొచ్చిందేంటి?" అని మొహం మీదే అడగొచ్చు. డ్వాక్రా సంఘాలు మనకి లేవా?

పేరు రాయమనడానికి ఇంకో కారణం ఉంది. మున్సిపాలిటీల్లో వాల్వులు తిప్పేవాళ్లు, ఫిట్టర్లు, పంపు ఆపరేటర్లు చాలామంది ఔట్‌సోర్సింగ్, జీతం ఆప్కాస్ ద్వారా వస్తుంది. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు చెత్త కుప్పల ఫోటోలు వచ్చాయి. చెత్త కనిపిస్తుంది, వాల్వు కనిపించదు. బోర్డు మీద రోజూ పేరు ఉంటే కనీసం రెగ్యులర్ చేయమని అడిగేటప్పుడు చూపించుకోడానికి ఒక లెక్కన్నా ఉంటుంది. సన్మానం, శాలువా తర్వాత సంగతి. పంద్రాగస్టుకి కప్పే శాలువా ఆఫీసు గది దాటి ఫిల్టర్ బెడ్ దాకా వెళ్తే సంతోషమే.

ఇక మన చలికాలం జాగ్రత్తలు. కరపత్రం నన్ను రాయమంటే ముందు ట్యాంకు కడగమని రాస్తాను. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక ట్యాంకు కడగడానికి నీళ్లెక్కడివి? దాళ్వాకి కాలువ నిండుగా పారుతున్న ఇప్పుడే కడగాలి, కారే కుళాయిలు ఇప్పుడే బాగుచేయించాలి. బ్లీచింగ్ కలిపిన నీళ్లని మామూలుగా అరగంట ఆగి వాడమంటారు, చల్లటి నీళ్లలో క్లోరిన్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి చలి పొద్దుల్లో ఇంకాస్త ఆగడం మంచిది. హాస్టల్ గీజర్ నీళ్లతో నూడుల్స్ చేసుకునే మహానుభావులకి: వేడి నీళ్లు పైపుల్లోని లోహాన్ని ఎక్కువ కరిగిస్తాయి, కుళాయి చల్లనీళ్లు పట్టి కెటిల్లో కాచుకోండి. చలికి దాహం వేయదు కదా అని పొద్దుటి నుంచి రెండు టీలతో గడిపేయడం కూడా వద్దు.

ఏలూరు వాడుక నీళ్లు తమ్మిలేరు గుండా కొల్లేటిలోకి పోతాయి, బెజవాడవి బుడమేరు గుండా వస్తాయి. చేపల చెరువులు ఖాళీ చేసిన నీళ్లూ, చేలల్లో కొట్టిన మందులూ చేరేది కూడా అక్కడికే. 2002లో రామ్‌సర్ జాబితాకి ఎక్కిన సరస్సు, పక్షుల్ని చూడ్డానికి ఆటపాక వెళ్లి మనం సెల్ఫీలు దిగే సరస్సు. దాని చుట్టూ ఉన్న లంక గ్రామాల వాళ్లకి కళ్ల ముందు అన్ని నీళ్లుంటాయి, తాగేందుకు మాత్రం కాలువ శివారు నుంచి వచ్చే నీళ్లతో నిండే మంచినీళ్ల చెరువో, ఆటోలో వచ్చే క్యానో దిక్కు. ఉప్పుటేరు గుండా సముద్రం నీళ్లు ఎగదన్నితే బోర్లు కూడా పనికిరావు. గూడెంలో, ఏలూరులో మనం కుళాయి వదిలేస్తే ఎవరి వాటా తగ్గుతుందో కరపత్రంలో ఇంకో లైను రాయాలి. క్లోరిన్ బోర్డు కూడా ముందు ఆ ఊళ్లలోనే పెట్టాలి, చివరి కుళాయిలు వాళ్లవే కనక.

మున్సిపాలిటీ పెట్టేదాకా కూర్చోవాలా? క్లోరిన్ చూసే కిట్ పెద్ద ఖరీదేం కాదు, సివిల్, కెమికల్ వాళ్ల ల్యాబుల్లో ఎలాగూ ఉంటుంది. నీళ్లలో చుక్కలేస్తే పసుపు తేలుతుంది, ఆ పసుపుని రంగుల పట్టీతో పోల్చి చూడటమే. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ వీధి చివరి కుళాయి దగ్గర పొద్దున్నే ఒకసారి చూడండి. ఎంతొచ్చిందో, అక్కడ వాల్వు తిప్పే ఆయన్ని అడిగి, ఆయన సరేనంటే పేరుతో సహా మన క్లబ్ గ్రూపులో పెట్టండి. కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లు ముందు పెట్టాలి. వచ్చే సంచికలో ఒక పేజీ దానికి ఇమ్మని ఎడిటర్ గారిని ఇప్పుడే అడిగేశాను.