చప్పట్లు సరే, జీతమేదీ?

2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ సాయంత్రం, మద్దిలపాలెంలో మా బాల్కనీలోంచి వైద్య సిబ్బంది కోసం నేనూ చప్పట్లు కొట్టాను. కొన్నాళ్ళకి కరోనా సర్వే అని ఆశా కార్యకర్త గేటు దగ్గరకొస్తే, కాల్‌లో ఉన్నానని చెయ్యూపి పంపేశాను. ఆవిడ మర్నాడు మళ్ళీ వచ్చి, అమ్మ బీపీ మాత్రల సంగతి కూడా కనుక్కుని వెళ్ళారు. సిగ్గేసింది.

సర్కారు వైద్యమంటే కేజీహెచ్ ఒక్కటేనా? గడప దాకా వచ్చేది ఈవిడేనండీ! 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆశాలకి అవార్డిచ్చింది. మన రాష్ట్రంలో 2019లో నెలకి 10,000 చేశారు, నిజమే. కానీ దాని పేరు గౌరవ వేతనం. కాగితాల మీద వాళ్ళింకా వాలంటీర్లే!

శనివారం సపోర్టుకి కాంప్‌ఆఫ్ ఇవ్వకపోతే మేనేజరుతో దెబ్బలాడే మనం, దీన్ని న్యాయమనగలమా? గౌరవం సంగతి తర్వాత, ముందు జీతం ఇవ్వండి.