పియోనీకి కావలసింది చలి

ఆన్‌లైన్ అంగళ్ళలో ఇప్పుడు పియోనీ బల్బులు అమ్ముతున్నారు. ఐదింటికి 499 రూపాయలు, డెలివరీ ఉచితం, కింద ‘అన్ని వాతావరణాలకూ అనువైనది’ అని ఒక ముక్క. పక్కనే నీలం పియోనీ విత్తనాల పొట్లం. హైదరాబాదు కొంపల్లిలో ఉండే మా చెల్లెలి కూతురు తన మిద్దె తోట కోసం రెండూ తెప్పించుకుంది. “పెద్దమ్మా, ఇక నీ ఫోటోలు చూసి బెంగపడక్కర్లేదు, నా కుండీలోనూ పూస్తాయి” అని సంబరంగా మెసేజ్ పెట్టింది. దానితో పంపిన ఫోటోలో ఉన్నవి గుండ్రంగా, పొరలు పొరలుగా ఉన్న వేరే ఏవో గడ్డలు. పియోనీకి అలాంటి గడ్డే ఉండదు. నేలలో దానికి ఉండేవి వేలి లావున పొడుగ్గా పెరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకున్న దుంపవేళ్ళు, వాటి తలమీద ఎర్రటి కన్నులు. ఇక నీలం పియోనీ అంటారా, ప్రపంచంలో ఏ తోటలోనూ అలాంటి పువ్వు లేదు.

పోనీ విత్తనాలు పియోనీవే అనుకుందాం. ఆ గింజ ముందు కొన్నాళ్ళు వెచ్చటి నేలలో ఉండి వేరు తొడుగుతుంది. తరవాత ఒక చలికాలం గడిస్తేనే మొలక పైకొస్తుంది. అక్కణ్ణించి పువ్వు చూడ్డానికి మరో నాలుగైదేళ్ళు. ఆ పువ్వు కూడా తల్లిమొక్క పువ్వులా ఉంటుందన్న నమ్మకం లేదు. పేరున్న ముద్దరకాలన్నీ దుబ్బు విడదీసి పెంచుకుంటూ వచ్చినవే. ఇవేవీ చెప్పకుండా పొట్లం మీద ముద్దపువ్వు బొమ్మ వేసి అమ్మడాన్ని నేను మోసమనే అంటాను. మొక్కలంటే ఇష్టంతో మొదలుపెట్టిన పిల్ల, తన చేతి గుణమే బాగాలేదని అనుకుని తోటపనే మానేస్తుంది. నాకు ఎక్కువ బాధ అక్కడ.

అసలు పియోనీ దుంపే, మంచి రకమే ఎవరైనా తెచ్చిచ్చినా కొంపల్లిలో అది పూయదు. పియోనీ వేసవి చివరికల్లా వచ్చే ఏడాదికి కావలసిన కన్నుల్ని నేలలోపలే తయారుచేసుకుంటుంది. ఆ తరవాత ఆకులు ఎండి రాలిపోతాయి, పైన మొక్క ఆనవాలే ఉండదు. ఆ కన్నులు నిద్రలేవాలంటే నాలుగు డిగ్రీల దగ్గర, లేదా ఇంకా తక్కువలో ఉండే చలి, రకాన్ని బట్టి 500 నుంచి 1000 గంటలు తగలాలి. రాత్రీ పగలూ కలిపి లెక్కేస్తే మూడు నుంచి ఆరు వారాలు. మామిడి పూతకి చలిరాత్రులు కావాలనీ, డిసెంబరులో చలి సరిగా పట్టకపోతే పూత వెనకపడుతుందనీ మన రైతులకి తెలుసు. పియోనీ అడిగే చలి అంతకంటే చాలా ఎక్కువ, మన నేల ఇవ్వలేనంత. హైదరాబాదులో జనవరి రాత్రి పది డిగ్రీలకి దిగితే అది పేపర్లో వార్త. “లంబసింగిలో వస్తుందేమో కదా” అని మా బావగారు అడిగారు. అక్కడ కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దాకా దిగినా, పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది. గంటల లెక్కలో ఆ చలి ఏ మూలకీ రాదు.

చలి చాలని కన్ను లేవదు. లేచినా పీలగా లేస్తుంది, వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థం దానికే ఖర్చయిపోతుంది, ఏప్రిల్, మే ఎండలకి మిగిలిన కాస్తా పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోదా అనేవాళ్ళూ ఉన్నారు. ఒక ఏడాది ఆకులు రావచ్చు. కానీ ఒకసారి కదిలిస్తే కోలుకోవడానికి రెండు మూడేళ్ళు తీసుకునే మొక్కని ఏటా తవ్వి ఫ్రిజ్‌లోకీ కుండీలోకీ మార్చడాన్ని పెంచడం అనలేను. అమెరికా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక దుంప పెట్టుకు రమ్మని అడిగేవాళ్ళకి కూడా నా జవాబు అదే. పైగా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్టూ, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా నాటే గడ్డల్ని మన దేశంలోకి తేకూడదు. ఒక దుంపతో బాటు ఏ తెగులు దిగుతుందో మన కంటికి కనిపించదు కదా.

ఈ పువ్వుకి పుట్టిల్లు చలిదేశాలు. ఎక్కువమంది పెరళ్ళలో ఉన్నది చైనా, సైబీరియాల వైపు నుంచి వచ్చిన రకం సంతతి. చైనాలో లోయాంగ్ నగరం కర్రకొమ్మలుండే చెట్టు పియోనీకి వందల ఏళ్ళుగా పేరు. ఏప్రిల్లో అక్కడ ఆ పువ్వుకి ఉత్సవం చేస్తారు. మన దేశంలోనూ ఒకటుంది. హిమాలయ పియోనీ కశ్మీరు నుంచి ఉత్తరాఖండ్ మీదుగా నేపాల్ దాకా కొండ అడవుల్లో ఒకే వరస రేకలతో తెల్లగా పూస్తుంది. దాని లేత చిగుళ్ళు అక్కడివాళ్ళు కూర వండుకుంటారు. యునానీ వైద్యులు ఊద్ సలీబ్ పేరుతో మూర్ఛకి వాడుతూ వచ్చింది పియోనీ వేరునే. యునానీకి పేరున్న హైదరాబాదు, పువ్వుని చూడకపోయినా ఆ వేరుని మాత్రం ఎప్పణ్ణించో ఎరుగును.

నేను పుట్టింది అమలాపురం దగ్గర, ఉంటున్నది మిషిగన్‌లో, యాన్ ఆర్బర్‌కి కాస్త దూరంలో. మా పెరట్లో ఉన్న దుబ్బులు మేము నాటినవి కావు, ఇంట్లో మాకంటే ముందున్నవాళ్ళవి. ఒకటి ఫెస్టివా మాక్సిమా, తెల్లటి ముద్దపువ్వు, నడిమి రేకల మీద ఎర్రటి చుక్కలు. ఫ్రాన్సులో 1851లో వచ్చిన రకం. ఇంకొకటి లేత గులాబిరంగు సారా బెర్న్‌హార్ట్, 1906 నాటిది. ఇన్నేళ్ళ తరవాతా ఈ రకాలు బతికి ఉన్నాయంటే, దుబ్బు విడదీసినప్పుడల్లా ఒకరు ఇంకొకరికి ఇస్తూ రావడం వల్లే. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి నికల్స్ అర్బొరీటంలో 27 మళ్ళ పియోనీ తోట ఉంది. అప్‌జాన్ అనే మందుల కంపెనీ స్థాపించిన డాక్టర్ డబ్ల్యూ. ఇ. అప్‌జాన్ ఇచ్చిన మొక్కలతో 1922లో వేశారు. మే చివరి నుంచి జూన్ మధ్య దాకా, పూత నిండుగా ఉన్న రోజుల్లో అక్కడ పదివేల పువ్వుల దాకా ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. చీరల మీద స్వెట్టర్లు వేసుకున్న అమ్మలు ఆ మళ్ళ మధ్య వంగి వాసన చూస్తూ నడుస్తుంటారు. చూసి వెళ్ళినవాళ్ళు ఇంటికి ఒకటి కొనకుండా ఉండరు.

తీరా కొన్నాక మూడేళ్ళకి నాకు ఫోన్ వస్తుంది. “అక్కా, ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్క మొగ్గా లేదు.” నేను వెళ్ళి ముందు చూసేది కన్ను ఎంత లోతులో ఉందని. కన్ను మీద మన్ను రెండంగుళాలు దాటకూడదు. అంతకంటే లోతు పడితే మొక్క బతుకుతుంది, ఆకేస్తుంది, పూయడం మాత్రం మానేస్తుంది. ఏ గడ్డనైనా లోతుగా పాతి పైన మన్ను ఎగదోసే అలవాటు మనకి చిన్నప్పటి నుంచీ చేతుల్లో ఉంటుంది, ఇక్కడ అది పనికిరాదు. సరిగ్గా నాటిన మొక్కకీ ఇంకో గండం ఉంది: వసంతంలో లాన్ కంపెనీ మనుషులు వచ్చి పరిచే మల్చ్. ఏడాదికి రెండంగుళాలు చొప్పున చెక్కపొట్టు పేరుకుంటే, నేల కదలకపోయినా కన్ను లోతైపోతుంది. దుబ్బు నడిమి నుంచి ఆ పొట్టంతా చేత్తో తీసెయ్యండి. గడ్డికి చల్లే నత్రజని ఎరువు పియోనీ మొదట్లో పడనివ్వకండి. ఆకులు ఏపుగా వచ్చి మొగ్గలు తగ్గుతాయి.

నాటడానికి ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు మంచివి. మూడు నుంచి ఐదు కన్నులున్న ముక్క తీసుకోవాలి. రోజుకి ఆరు గంటల ఎండ, నీరు నిలవని చోటు, మొక్కకీ మొక్కకీ మూడు నాలుగు అడుగుల ఎడం. తరవాత దాన్ని దాని మానాన వదిలెయ్యాలి. మొదటి ఏడాది పువ్వు కనిపించదు, రెండో ఏడాది ఒకటో రెండో పువ్వులు, మూడో ఏడాది నుంచి దాని అసలు రూపు. ఒకసారి కుదురుకుంటే యాభై ఏళ్ళు పూస్తుంది, ఇంకా ఎక్కువ కూడా. మనవాళ్ళు మొదటి ఏడాది పూయలేదని రెండో ఏడాది చోటు మారుస్తారు, మూడో ఏడాది మళ్ళీ మారుస్తారు. ఆ మొక్కకి ప్రతిసారీ వయసు మొదటికొస్తుంది. “ఎన్నాళ్ళుంటామో ఈ ఇంట్లో” అని అసలు నాటనివాళ్ళూ ఉన్నారు. వీసా కాగితాల మధ్య బతికే పిల్లలు ఆ మాట అంటే నేను కాదనలేను. అయినా నాటమనే చెబుతాను. మా ఇంట్లో ముందున్నవాళ్ళు కూడా ఎవరో వస్తారని తెలిసే ఆ దుబ్బులు వదిలి వెళ్ళారు.

చీమల సంగతి మరీ ముఖ్యం. మొగ్గ పైనున్న ఆకుపచ్చ రక్షకపత్రాల అంచుల్లో తీపి రసం ఊరుతుంది, దానికోసం చీమలు చేరతాయి. చీమలు తింటేనే మొగ్గ విచ్చుకుంటుందని ఇక్కడి పెద్దవాళ్ళలో ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. చీమలు మొగ్గని పాడుచేస్తాయని మనవాళ్ళు మందు కొడతారు, అదీ తప్పే. రసం తాగి పోయే చీమలు, మొగ్గ మీదకి వచ్చే ఇతర పురుగుల్ని తరుముతాయి. ఆ మందు తేనెటీగలకీ తగులుతుంది. పూజకి పువ్వు కావాలంటే కోశాక తలకిందులుగా పట్టుకుని దులిపితే చీమలు పోతాయి, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ముద్దరకాలు వాన పడితే బరువుకి నేలకి వాలిపోతాయి. ఏప్రిల్లో ఎర్రటి మొలకలు జానెడు లేచినప్పుడే చుట్టూ తీగె కట్టు పెట్టాలి. పువ్వు విచ్చాక పెట్టబోతే కాడలు విరుగుతాయి. తడి ఎక్కువైన వసంతంలో మొగ్గలు గోధుమరంగుకి తిరిగి, కాడ మొదట్లో నల్లగా కుళ్ళితే అది బోట్రైటిస్ శిలీంధ్రం. ఆ భాగాలు వెంటనే కోసెయ్యాలి. ఆకురాలు కాలంలో కాడలన్నీ నేల దాకా కోసి చెత్తసంచిలో వెయ్యాలి, కంపోస్టులో కలపకూడదు. ఆగస్టులో ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు కనిపిస్తే గాభరా పడొద్దు, దానితో మొక్క చావదు.

పువ్వులు దాచుకునే ఉపాయం ఒకటి నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాను. మొగ్గ రంగు కనిపిస్తూ, వేళ్ళతో నొక్కితే మెత్తగా తగిలే దశలో కోసి, ఆకులు తీసేసి, కాగితంలో చుట్టి నీళ్ళు లేకుండా ఫ్రిజ్‌లో పడుకోబెడితే మూడు నాలుగు వారాలు ఉంటుంది. పక్కన యాపిల్ పళ్ళు ఉండకూడదు. తీసి, కాడ చివర కోసి, నీళ్ళలో పెడితే ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుంటుంది. తోటలో పూత అయిపోయాక జూన్ చివర జరిగే పిల్లల గ్రాడ్యుయేషన్ పార్టీలకి మా వీధిలో బల్లలన్నీ వీటితోనే నిండుతాయి.

తోయిచి ఇటో అనే జపాన్ ఆయన నేలపియోనీకీ చెట్టు పియోనీకీ సంకరం చెయ్యాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించి, 1948లో సాధించాడు. అందరూ కుదరదన్న పని అది. ఆ మొక్కలు పూయకముందే 1956లో ఆయన పోయాడు. ఇప్పుడు పసుపురంగులో గిన్నెల్లా విచ్చుకునే ఇటో పియోనీలు ఆ పని నుంచి వచ్చినవే. ఇంత ఓపికతో మనుషులు చేతులు మార్చుకుంటూ తెచ్చిన పువ్వుని, ఏ గడ్డో తెలియని గడ్డకి అంటగట్టి అమ్మడం నాకు సహించదు.

అందుకే అడుగుతున్నాను. మొక్కలు, గడ్డలు అమ్మే ప్రతి ఆన్‌లైన్ అంగడీ ఆ మొక్క ఏ వాతావరణంలో పూస్తుందో, ఎంత చలి, ఎంత వేడి కావాలో ధర పక్కనే రాయాలి. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్యకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇప్పటికే చోటుంది. మోసపోయినవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి; 499 రూపాయలకి ఎందుకులే అని ఊరుకోవద్దు, ఇలాంటి వ్యాపారం నడిచేదే ఆ ఊరుకోవడం మీద. మన ఉద్యాన శాఖలు మిద్దె తోటల వాళ్ళకి ఏటా విత్తనాల కాలంలో ఇలా మన దగ్గర పూయని మొక్కల పేర్ల జాబితా ఒకటి పేపర్లలో ఇస్తే చాలామంది బయటపడతారు.

ముద్దపువ్వే కావాలని మా పిల్ల పట్టుబడితే, కడియం నర్సరీల్లో వేల రేకల తామర దుంప దొరుకుతుంది, అది తెచ్చుకోమన్నాను. అడుగున కన్నం లేని అడుగున్నర వెడల్పు తొట్టి, సగానికి చెరువుమన్ను, మొలక విరగకుండా పైకి ఉండేలా దుంపని పడుకోబెట్టి, మీద నాలుగంగుళాల నీళ్ళు. ఫిబ్రవరిలో పెడితే పియోనీని చంపే ఎండే దానికి బలం. దోమలు చేరకుండా నాలుగు గప్పీ చేపలు వదలాలి.