మిల్లు కాగితాలు తుక్కు కావు

మిల్లు మూతపడితే యంత్రాలకు వెల కడతారు, స్థలాన్ని వేలం వేస్తారు. హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు, సమ్మె నోటీసులు, యాజమాన్యంతో కుదిరిన ఒప్పందాల గతి ఏమిటని అడిగేవారుండరు. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. బోధన్ నిజాం షుగర్స్ 2015లో ఆగిపోయింది. అక్కడ తరతరాలుగా చెమటోడ్చినవారి చరిత్ర రాయాలంటే ఆ కాగితాలే ఆధారం. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను 8 ఏళ్లు భద్రపరిస్తే చాలంటోంది. చరిత్రకు ఆ గడువు ఏ మూలకూ చాలదు. మూతపడే ప్రతి పరిశ్రమా తన రికార్డులను రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించి తీరాలని రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టం చేయాలి.

మన కార్మికోద్యమ చరిత్రలో నాయకులు కనిపించినంతగా కార్మికులు కనిపించరు. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడిందనీ, మఖ్దూం మొహియుద్దీన్ దాన్ని నడిపించారనీ చదువుకున్నాం. ఆ సంఘాలకు చందా కట్టినవారెవరు? ఏ ఊళ్ల నుంచి, ఏ కులాల నుంచి వచ్చారు? 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద నమోదైన ప్రతి సంఘమూ సభ్యుల సంఖ్య, ఆదాయ వ్యయాలతో ఏటా రిటర్ను దాఖలు చేయాల్సి ఉండేది. ఏ సమ్మె తర్వాత సభ్యత్వం పెరిగిందో, ఎప్పుడు నిధి అడుగంటిందో చెప్పేవి అవే. కార్మిక శాఖ తన దగ్గరున్న పాత రిటర్నులను పరిశోధకులకు ఇవ్వాలి. చీలికలు, ఓటములు బయటపడతాయన్న జంకుతో మినిట్స్ పుస్తకాలను బీరువాల్లో దాచుకోవడం సంఘాలకూ తగదు.

కాగితాలకెక్కని బతుకులూ ఉన్నాయి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టిన ఆడవాళ్లలో ఎందరో ఏ మస్టర్‌లోనూ కనిపించరు. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె సాగినప్పుడు పొయ్యి ఎలా వెలిగిందో, ఎవరు అరువిచ్చారో గని కార్మికుల ఇల్లాళ్లే చెప్పాలి. వారిలో అప్పటి కొత్త కోడళ్లకు కూడా ఇప్పుడు అరవై దాటాయి. బొంబాయి మిల్లు కార్మికుల జ్ఞాపకాలను నీరా అడార్కర్, మీనా మేనన్ 2004లోనే పుస్తకంగా తెచ్చారు. రైల్వే కార్మిక సంఘం నుంచి రాష్ట్రపతి భవన్‌కు చేరిన వి.వి.గిరి పేరిట నోయిడాలో ఉన్న జాతీయ సంస్థ కార్మిక చరిత్ర పత్రాలను సేకరిస్తోంది. ఆయన మాతృభాషలో చదువు చెప్పే విశ్వవిద్యాలయాలకు ఈ పని పట్టకపోవడం అన్యాయం. వచ్చే విద్యా సంవత్సరం నుంచే కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు తమ విద్యార్థులను రికార్డర్లతో కార్మికవాడలకు పంపాలి. అందుకయ్యే ఖర్చును ప్రభుత్వాలు బడ్జెట్‌లోనే కేటాయించాలి.